వెనుక బ్రేకుల మొఱ



నేడు నేను చెప్పబోవు విషయము చూచుటకు చిన్నది. కాని ప్రాణములతో ముడిపడినది. కారు వెనుక చక్రముల బ్రేకులు ఏల చప్పుడు చేయును, ఆ చప్పుడునుబట్టి లోపమును ఎట్లు పోల్చుకొనవలెను, పోల్చుకొన్న పిమ్మట ఎట్లు సరిచేయవలెను అనునదియే ఈ ప్రసంగము.

నేనుండునది జహీరాబాదు. పూర్వము మెదకు జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. పుణె నుండి మచిలీపట్నము పోవు 65వ జాతీయ రహదారి మా యూరి మీదుగా సాగును. తొల్లి దీనిని 9వ నంబరు రహదారి యనెడివారు. మోటారు బండ్లతో మా యూరికి గల సంబంధము బాటసారి సంబంధము మాత్రమే కాదు. 1980 దశకములో హైదరాబాదు ఆల్విన్ సంస్థ, జపాను దేశపు నిస్సాన్ తోడ్పాటుతో తేలిక లారీలను ఇక్కడనే తయారుచేసినది. తరువాత ఆ కర్మాగారము మహీంద్రా వారి చేతికి వచ్చినది. నేడు మహీంద్రా ట్రాక్టరులు జహీరాబాదులో తయారగుచున్నవి. ఇట్టి యూరిలో పానా పట్టుట ఎఱిగిన చేతులకు కొఱతలేదు. అయినను, కీచుమని మొఱపెట్టుచు పోవు కార్లకును కొఱతలేదు. ఈ వైపరీత్యమే నన్ను మీ ముందు మాటలాడ నియమించినది.

మొదట బ్రేకు చేయు పని యేమో తెలిసికొందము. వేగమును వేడిగా మార్చుటయే దాని పని. వేయి కిలోల బరువుగల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా దానిని పూర్తిగా నిలిపినచో పుట్టు వేడి, ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి దాదాపు 89 డిగ్రీల వఱకు కాచుటకు చాలును. వేగము రెట్టింపైనచో ఆ వేడి నాలుగు రెట్లగును. ఈ భారమునంతటిని మోయునవి చేతి వెడల్పు లేని కొన్ని లైనరు ముక్కలు. అవి సణిగినచో వినకుండుట మన ధర్మము కాదు.

బ్రేకు వేయగానే బండి బరువు ముందునకు ఒరగును. కావున ముందు చక్రముల బ్రేకులు ఎక్కువ పనిచేసి త్వరగా అఱుగును. వెనుకటివి తక్కువ పనిచేసి చాలకాలము మన్నును. ఈ మన్నికయే వాటికి శత్రువైనది. ముందు బ్రేకులను ఏటేట చూపించుకొను గృహస్థుడు, వెనుక డ్రమ్మును ఏండ్ల తరబడి తెఱువనే తెఱువడు. మూతపెట్టిన పాత్రలో ఏమున్నదో ఎవరికి తెలియును?

డ్రమ్ము అనగా చక్రముతో కూడ తిరుగు పోత ఇనుప గిన్నె. దానిలోపల నెలవంకలవలె రెండు షూలుండును. వాటి వీపున రాపిడికి ఓర్చు లైనరు అంటియుండును. మనము పెడలు నొక్కగా బ్రేకు ఆయిలు ఒత్తిడి గొట్టముల గుండ వచ్చి, వీలు సిలిండరులోని పిస్టనులను ఇరుప్రక్కలకు నెట్టును. షూలు విచ్చుకొని డ్రమ్మును లోపలినుండి ఒఱయును. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనుకకు లాగును. ఇందొక చమత్కారము గలదు. చక్రము తిరుగు దిక్కునకు ఎదురొడ్డు షూను డ్రమ్ము తనతో లాగుకొని మఱింత గట్టిగా కఱపించును. రెండవ షూకు ఆ సాయము లేదు. అందువలననే ఈ రకపు బ్రేకులో ఒక షూ ముందుగా అఱుగును. దానినిచూచి లోపమని భయపడనక్కరలేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన యంత్రము కాదు. 1902లో ఫ్రాన్సు దేశపు లూయీ రెనో డ్రమ్ము బ్రేకును కారునకు అమర్చినాడు. అదే సంవత్సరమున ఇంగ్లాండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు డిస్కు బ్రేకునకు హక్కు పత్రము పొందినాడు. కాలితో నొక్కిన ఒత్తిడిని నూనె గుండ చక్రములకు పంపు పద్ధతిని అమెరికాలో మాల్కం లాకీడు కనిపెట్టగా, 1921లో డ్యూసెన్‌బర్గు కారు నాలుగు చక్రములకును అట్టి బ్రేకులతో వెలువడినది. మన దేశమున అనేక దశాబ్దములు తిరిగి, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు తొలి బండ్లకు నాలుగు చక్రములకును డ్రమ్ములే. నేటి చిన్న కార్లలో పెక్కింటికి ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు.

ఇక చప్పుడు సంగతి. ఫిడేలు కమాను తీగను ఎట్లు పలికించును? పట్టును, జాఱును, మఱల పట్టును, మఱల జాఱును. క్షణమునకు వందలమాఱులు ఇట్లు జరుగగా తీగ పలుకును. లైనరు కమాను, డ్రమ్ము గంట. పట్టు జాఱుల మధ్య డ్రమ్ము అదరగా కీచుమను ధ్వని పుట్టును. దీనిని బట్టి, ప్రతి కీచుధ్వనియు ప్రమాదము కాదని తెలియుచున్నది. కాని ప్రతి చప్పుడునకును కారణముండును.

ముఖ్యమైన చప్పుళ్ళను ఒక్కొక్కటిగ విందము.

వానకాలపు ఉదయమున బండి తీయగానే మొదటి రెండు మూడు బ్రేకులకు మాత్రము గరగరమని, పిదప తానే అణగిపోవు ధ్వని మొదటిది. రాత్రి తేమకు పోత ఇనుము మీద పట్టిన పలుచని తుప్పు అది. రాపిడికి పోవును. దీనికి వైద్యమక్కరలేదు.

మెల్లగా బ్రేకు వేసినపుడు సన్నగా కీచుమనునది రెండవది. లోపల దుమ్ము చేరుట, లైనరు వేడికి మాడి గాజువలె నునుపెక్కుట దీనికి తఱచైన కారణములు. మా ప్రాంతమున నేల ఎఱ్ఱనిది. లాటరైటు అను ఇనుము కలిసిన రాయి అఱిగి అయిన మన్ను. ఎండకాలమున అది పిండివలె లేచి డ్రమ్ము వెనుక పలక సందులలో దూరును. వానకాలమున బురదయై దూరి లోపలనే ఎండును. పొలముల దారిన తిరుగు బండ్లకు ఈ బాధ మెండు.

ఇనుముపై ఇనుము గీఱినట్లు కరకరమనునది మూడవది. ఇది మొఱ కాదు, ఆర్తనాదము. లైనరు పూర్తిగా అఱిగి రివెట్టు తలలో, షూ ఇనుమో డ్రమ్మును కొఱుకుచున్నదని అర్థము. ఆ బండిని ఆనాడే నిలుపవలెను.

బ్రేకు వేసినపుడు టక్కు టక్కుమని కొట్టునది నాలుగవది. షూ ఆనుకొని కదలు పలక మీది మెట్టలు ఎండిపోయి గాడి పడినచో షూ తట్టుకొని ఇట్లు పలుకును. కొత్తగా లేతు పట్టిన డ్రమ్ము నుండి ఈ ధ్వని వచ్చినచో కారణము వేఱు. లేతు ఉలి గీచిన సన్నని మెలిగీతలు గ్రామఫోను పలక గీతలవలె నుండును. ముల్లు గీతవెంట పోయినట్లు షూ ప్రక్కకు ప్రాకి, స్ప్రింగు లాగగా టక్కున వెనుకకు వచ్చును. గరుకు కాగితముతో ఆ గీతలకు అడ్డముగ రుద్దినచో పోవును.

గతుకులలో బ్రేకు వేయకయే గలగలలాడునది ఐదవది. స్ప్రింగు విఱిగినదో, షూను పట్టియుంచు పిన్ను ఊడినదో చూడవలెను.

పోవుచున్నంతసేపు రాచుకొను ధ్వనియు, చక్రము వద్ద వేడియు, మాడు వాసనయు కలిసి వచ్చినచో అది ఆఱవది. షూ వెనుకకు మఱలుటలేదు. హ్యాండు బ్రేకు తీగ తుప్పుపట్టి ఇఱుకుకొనుటయో, వీలు సిలిండరు పట్టివేయుటయో దీనికి కారణము కావచ్చును.

చప్పుడు బ్రేకుదే అని మనకెట్లు తెలియును? బ్రేకు నొక్కినను, వదలినను మాఱక, వేగముతోపాటు పెరుగు గుయ్యను ధ్వని బేరింగుది కావచ్చును. వెనుక నుండియే వచ్చుచున్నదా? దీనికి సులభమైన పరీక్ష యొకటి గలదు. పెక్కు కార్లలో హ్యాండు బ్రేకు వెనుక చక్రములనే పట్టును. జనము లేని చదును నేల మీద మనిషి నడకంత వేగమున పోవుచు, మీట బొత్తామును నొక్కిపట్టి, హ్యాండు బ్రేకును మెల్లగా లాగుడు. అదే చప్పుడు వినవచ్చినచో దొంగ వెనుకనే యున్నాడు. ఏ ప్రక్కనో చెప్పుటకు రెండవ మనిషి గోడ ప్రక్కన నిలిచి వినవలెను. కొంతదూరము బ్రేకు తక్కువగ వాడి నడిపి నిలిపిన పిమ్మట, చక్రములను ముట్టక దగ్గఱగ మాత్రము చేయిచాపి చూడుడు. ఒక చక్రము తన జతకంటె మిక్కిలి వేడిగ నున్నచో అది ఇఱుకుకొన్నదే.

ఇప్పుడు తెఱచి చూచుట. చదును నేలమీద బండి నిలిపి, ముందు చక్రములకు రాళ్ళు అడ్డముంచి, హ్యాండు బ్రేకు వదలి, జాకీ ఎత్తిన పిదప స్టాండు పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి బండిక్రిందకు తల పెట్టరాదు. డ్రమ్ము రానిచో సుత్తితో మోదకుడు. అఱిగిన డ్రమ్ము అంచున మిగిలిన గట్టు షూను పట్టుకొనియుండును. సర్దుబాటు మరను వెనుకకు త్రిప్పినచో వదలును. కొన్ని డ్రమ్ములకు రెండు మర రంధ్రములుండును; వాటిలో తగిన బోల్టులు బిగించినచో డ్రమ్ము తానే వెలికి వచ్చును.

డ్రమ్ము వచ్చినపుడు లోపల నల్లని ధూళి కనబడును. శ్రోతలారా, ఈ మాట శ్రద్ధగా వినుడు. ఆ ధూళిని నోటితోగాని, గాలి గొట్టముతోగాని ఊదరాదు. పూర్వపు లైనరులలో ఆస్బెస్టాసు విస్తారముగ వాడిరి. దాని నారలు ఊపిరితిత్తులలో చేరి, ఇరువది ముప్పది ఏండ్లకు ప్రాణాంతకమైన వ్యాధిగ బయటపడును. ఐరోపా కూటమి దానిని 2005లో నిషేధించినది. చేతికి వచ్చిన లైనరులో అది యున్నదో లేదో కంటితో చెప్పుట అసాధ్యము. కావున తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పాఱవేయవలెను. రోడ్డు ప్రక్క కొట్లలో ఈ ఊదుడు పని ఎల్లప్పుడును అందఱికంటె చిన్న పిల్లవానికే అప్పగింతురు. వాని ఊపిరి మన కారు బ్రేకుకంటె విలువగలది. మీ బండి బాగుచేయుచుండగా మీరు ప్రక్కన నిలిచి, "ఊదవద్దు నాయనా, తడిగుడ్డ పెట్టు" అని ఒక్కమాట చెప్పినచో అది పెద్ద ధర్మము.

తుడిచిన పిమ్మట చూడవలసినవి ఇవి. లైనరు మందమెంత? తయారీదారు చెప్పిన హద్దుకంటె తగ్గినదా? రివెట్టులున్నచో వాటి తలలు లోతుననే యున్నవా? డ్రమ్ములో గాడులున్నవా? డ్రమ్ము మీదనే పోతపోసిన గరిష్ఠ వ్యాసము అంకె యుండును. లేతు పట్టిన పిమ్మట అంతకు మించినచో డ్రమ్మును మార్చవలసినదే. వీలు సిలిండరు రబ్బరు మూతను కొంచెము ఎత్తి చూడుడు. లోపల తడి ఊఱుచున్నచో సిలిండరు కాఱుచున్నది. వెనుక చక్రములకు ఇంజను బలము పోవు జీపు వంటి బండ్లలో ఇంకొక ప్రమాదము గలదు. ఇరుసు చివరి ఆయిలు సీలు పోయినచో గేరు నూనె డ్రమ్ములోనికి దిగును. ముందు చక్రములు లాగు కార్లలో వెనుక గేరు నూనె యుండదు. అక్కడ జిడ్డు కనబడినచో బ్రేకు ఆయిలో, బేరింగు గ్రీజో అయియుండును.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. మా యూరినుండి బీదరుకు కిరాయికి తిరుగు జీపు యజమాని యొకడు నా యెదుటనే చాల సంతోషముతో ఇట్లనెను: "వారము దినములనుండి వెనుక బ్రేకు అఱచుచుండెను. నిన్న ఒకచోట చూపించితిని. అరగంటలో నోరు మూయించినారు." డ్రమ్ము విప్పించి చూడగా లైనరుల మీద గ్రీజు పూసియున్నది! నిజమే, చప్పుడు లేదు. జిడ్డు మీద పట్టులేదు, పట్టులేనిచోట కీచుధ్వనియు లేదు. ఆ జీపు ఆ దినము పదిమంది ప్రయాణికులతో పోవలసియున్నది. అఱచు బ్రేకు కొంతవఱకు పట్టుచునే యుండెను. మౌనము వహించిన బ్రేకు ఒకప్రక్క జాఱి, రెండవ ప్రక్క పట్టి, బండిని అడ్డము త్రిప్పగలదు. యజమాని చాలసేపు మాటలాడలేదు. పిదప ఆ దినపు కిరాయి వదలుకొని, రెండు ప్రక్కల షూలు మార్పించుకొని పోయెను. ఒకనాటి సంపాదన పోవుట అతనికి చిన్న నష్టము కాదు. కాని అతడు కొన్నది చప్పుడు లేమిని కాదు, బ్రేకును.

శబ్దమును మాన్పుట వేఱు, రోగమును మాన్పుట వేఱు. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో నా ప్రసంగములో మిగిలినదంతయు మఱచినను చింతలేదు.

సరియైన చికిత్స యెట్లు? దుమ్ము మాత్రమే కారణమైనచో తడిగుడ్డతో శుభ్రపఱచి, నునుపెక్కిన లైనరును తడిపి గరుకు కాగితముతో మెల్లగా రుద్దవలెను. నూనె పీల్చిన లైనరును కడిగి వాడరాదు. వేడెక్కినపుడు లోపలి నూనె మఱల పైకి వచ్చును. ముందు కాఱుటను మాన్పి, పిదప షూలు మార్చవలెను. షూలను ఎన్నడును ఒక్క ప్రక్కనే మార్చరాదు. రెండు వెనుక చక్రములకును కలిపి మార్చవలెను. స్ప్రింగులను గూడ అప్పుడే మార్చుట మేలు. వేడికి సాగిన స్ప్రింగు పాత పాట మఱల పాడించును. పని ప్రారంభించునపుడు ఒక ప్రక్కనే విప్పి, రెండవదానిని నమూనాగ నుంచుకొనుడు. సర్దుబాటు మరలు కుడిఎడమలకు వేఱువేఱుగ నుండును. వాటిని తాఱుమాఱు చేయరాదు.

గ్రీజునకు చోటే లేదా? కలదు. షూ అంచు ఆనుకొను మెట్టల మీద మాత్రము, వేడికి కరగని గ్రీజును బొట్టుపెట్టినట్లు పలుచగ రాయవలెను. వీలు సిలిండరు రబ్బరులకు ఇంజను ఆయిలు, పెట్రోలు తగులరాదు; తగిలినచో ఉబ్బి చెడును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును. మూడవ రకము ఆయిలు కొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల వఱకు మరగదు; తేమ చేరినదానికి ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. మరగినచో ఆవిరి పుట్టి పెడలు మెత్తబడి నేలకంటును. కావున రెండేండ్లకొకసారి మార్చుట మంచిది. సిలిండరు విప్పినచో గొట్టములలోని గాలిని తప్పక తీయవలెను.

డ్రమ్ము మూసిన పిమ్మట చక్రమును చేతితో త్రిప్పుడు. సన్నని రాపిడి ఒకటి వినబడి, చక్రము స్వేచ్ఛగ తిరుగవలెను. ముందు పెడలును పలుమాఱులు నొక్కి, అది గట్టిపడినదని నిశ్చయించుకొని, అప్పుడే బండి కదల్పుడు. మొదట కొంతదూరము మెల్లగా పోవుచు, మధ్యమధ్య ఆఱనిచ్చుచు, పదిమాఱులు మృదువుగ బ్రేకు వేసినచో కొత్త లైనరు డ్రమ్మునకు ఒదుగును.

వెనుక డిస్కులున్న బండ్లకు ఒక్క మాట. అక్కడ ప్యాడునకు చిన్న ఇనుప నాలుక యుండును. ప్యాడు అఱుగగానే అది డిస్కును తాకి కూయును. అది లోపము కాదు, హెచ్చరిక. దానిని వంచి నోరు మూయించుట ఇంటికి నిప్పంటుకొన్నపుడు కేకవేసిన కావలివాని నోరు నొక్కుటవంటిది. డిస్కునకును దాని వెనుకనున్న రేకునకును నడుమ గులకరాయి ఇఱుకుకొని భయంకరముగ గీఱుటయు కలదు. రాయి తీసినచో సరి.

మా జహీరాబాదు దాపున మాచనూరు గ్రామమున 2008వ సంవత్సరమున స్త్రీలు నడుపు సంఘం రేడియో వెలసినది. చిరుధాన్యములు పండించు పేద స్త్రీల పలుకులు దాని మూలమున ఊరూర వినబడినవి. అంతవఱకు వారికి చెప్పుటకు మాటలు లేక కాదు, వినుటకు చెవులు లేక. యంత్రముల విషయమునను ఇదియే న్యాయము. బండి తనకు తెలిసిన భాషలో చెప్పుచునే యుండును. రేడియో పాట పెద్దది చేసి ఆ చప్పుడును కప్పుకొని పోవువారున్నారు. రేపు ఉదయము బండి తీయునపుడు పాట కట్టి, కిటికీ అద్దము దించి, గోడ ప్రక్కగా నూఱు గజములు మెల్లగా నడుపుడు; రెండు మూడు మాఱులు బ్రేకు వేసి వినుడు. వినబడినదానిని మిస్త్రీకి ఉన్నదున్నట్లు చెప్పుడు: ఎప్పుడు, ఏ ప్రక్క, ఎట్టి ధ్వని అని. "నోరు మూయించు" మని మాత్రము చెప్పకుడు. "ఎందుకో చూడు" మని చెప్పుడు.

ఇంతటితో సెలవు.